సౌదీ టేపు, రామగుండం కరెంటు

సజ్జ మీద దుప్పటి చుట్టి పెట్టిండ్రు సూడు, ఆ పెట్టె సంగతే నేనడిగేది. బియ్యం డబ్బ వెనుక ఉన్నది. అవును, అదే. వెండి రంగుది, రెండు గుండ్రటి స్పీకర్లు, మీద పట్టుకునే కడ్డీ. ఏండ్ల సంది అక్కడనే ఉన్నది గదా? ఎందుకు దించుతలేరు? కరెంటు పెడితే కాలిపోతదేమో అని బుగులు. అంతే గదా! ఇగ ఆ బుగులు పక్కకు పెట్టి, జర ఇట్ల గోడ కాడికి రాండ్రి. చాయ మీది, ముచ్చట నాది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల, ఇటు నిర్మల్, ఖానాపూర్. ఏ ఊరికి పోయినా వాడకట్టుకొక గల్ఫ్ ఇల్లు ఉంటది. 1980లల్ల సౌదీకి, దుబాయికి, మస్కట్‌కు పోయినోళ్లు రెండు మూడేండ్లకు ఒకసారి బొంబాయిల విమానం దిగి, ఆడికెళ్లి బస్సుల ఊరికి చేరేటోళ్లు. సెంటు సీసలు, దుప్పట్లు, టార్చిలైట్లు అన్నీ సూట్‌కేసులల్ల బస్సు మీదికి ఎక్కేటివి. టేపురికార్డరు మాత్రం ఒళ్లెనే! నేషనల్ పానసోనిక్, సాన్యో, షార్ప్, సోనీ. ఇంగ్లీషు చదవరాని పెద్దమనుషులు గూడ దూరంకెళ్లి చూసి, ఏ కంపెనీదో చెప్పేటోళ్లు.

ఇప్పుడు ఇంకో తీరు షురువైంది. అమెరికాల కొలువు చేసి తిరిగొచ్చిన పిల్లలు రికార్డు ప్లేయర్లు తెస్తున్నరు. పాత మెరాంట్జ్ రిసీవర్లు, పయనీర్ యాంప్లిఫయర్లు, టెక్నిక్స్ టర్న్‌టేబుళ్లు. ఇంకొందరు జపాన్‌కెళ్లి పాత కీబోర్డులు తెప్పిస్తున్నరు. మంచిగ చేస్తున్నరు! నాకైతే చూస్తుంటేనే కడుపు నిండుతది. కానీ బాబూ, తెచ్చిన మిషన్‌ను తెచ్చినట్టే గోడ ప్లగ్గుల గుచ్చుతరా? ఆగుండ్రి, ఆగుండ్రి!

ముందు దాన్ని బోర్లేసి ఈపు చూడుండ్రి. ప్రతి మిషన్‌కు వెనుకనో, అడుగుననో, సెల్లులు వేసే గూట్లనో చిన్న పట్టీ ఒకటి ఉంటది. అండ్ల మూడు అంకెలు వెతకాలె. వోల్టులు ఎన్ని, హెర్ట్జులు ఎన్ని, వాట్లు ఎన్ని. హెర్ట్జులనే మన పాత రేడియో మేస్త్రీలు సైకిళ్లంటరు. 120 వోల్టులు, 60 సైకిళ్లు అని ఉంటే అమెరికాది. 100 వోల్టులు, 50/60 అని ఉంటే జపాన్ వాళ్లు సొంతానికి చేసుకున్నది. 220–240 వోల్టులు, 50 సైకిళ్లు అని ఉంటే మన చుట్టమే, పిన్ను మార్చితే చాలు. 100–240 అని ఉంటే ఏ దేశంలనైనా బతుకుతది, ఇయ్యాల్టి ఫోన్ ఛార్జర్లు చానమట్టుకు ఆ జాతివే. ఈ మూడు అంకెలు చదవకుంట ప్లగ్గు జోలికి పోకుండ్రి. ఇంకేమీ యాది లేకున్నా సరే, గిదొక్కటి యాదిల పెట్టుకోండ్రి.

మీది ఏ దేశం టేపు? దుబాయిదా, కువైట్‌దా, మస్కట్‌దా? అయితే రంది లేదు. ఆడి కరెంటు 220–240 వోల్టులు, 50 సైకిళ్లు. మన 230తోటి పేచీ లేదు. పిన్నే వేరు, మూడు చదరపు పిన్నులది. ఇంగ్లీషోళ్ల పద్ధతి. ఆ ప్లగ్గు లోపల ఫ్యూజు గూడ ఉంటది, అందుకని దాన్ని కోసి పారెయ్యకుండ్రి. మంచి మార్పు ప్లగ్గు ఒకటి కొనుండ్రి.

సౌదీదా? అగో, ఇప్పుడు కుర్చీ దగ్గరికి గుంజుకోండ్రి.

సౌదీల అప్పట్ల ఇండ్లల్ల 127 వోల్టులు, 60 సైకిళ్లు. పెద్ద ఏసీ మిషన్లకు అదే ఇంట్ల 220 వేరేగ. 2010ల ఆ సర్కారు 230కు మారాలని నిర్ణయించింది గని, మన టేపులు దానికంటె ఎంతో ముందటివి. అందుకే గల్ఫ్ దుకాణాల కోసం జపాన్ వాళ్లు చేసిన చాన టేపులకు ఒక చిన్న మీట పెట్టిండ్రు. వెనుక వైరు గుచ్చే తాన చూడుండ్రి. లేకుంటే సెల్లుల గూడు మూత తీసి చూడుండ్రి. పావలా బిళ్ల అంచు పట్టేంత గాడి ఒకటి, దాని మీద తెల్లటి బాణం గుర్తు, చుట్టు 110, 127, 220, 240 అని అంకెలు. బిళ్ల పెట్టి తిప్పితే టక్కున ఆగుతది. ఎంత ముద్దుగుంటదో! దేశం దాటే మనిషికి పాస్‌పోర్టు ఇచ్చిండ్రు, పాటకు గిది ఇచ్చిండ్రు.

ఆ బాణం 240 మీద ఉండాలె. 220 ఎందుకు కాదంటరా? మన కాడ నడిరాత్రి మోటార్లన్నీ బందైనంక 250 దాక గూడ ఎక్కుతది. జర పైకే పెట్టుకునుడు మంచిది. తప్పు రెండు దిక్కుల అయితది, కానీ రెండూ ఒక్కటి కావు. 240 మీద పెట్టి 127 ఇస్తే టేపు నీరసంగ మూలుగుతది, అంతే. 127 మీద పెట్టి 230 ఇచ్చిండ్రనుకో, కథ కతం. వోల్టేజీ రెండింతలైతే లోపలికి పోయే పవరు రెండింతలతోటి ఆగదు, నాలుగింతల దాక పోతది. ట్రాన్స్‌ఫార్మర్ వాసన వచ్చేలోపల మీరు స్విచ్చి కాడికి చేరరు. మీట మార్చినంక ఫ్యూజు గూడ చూడుండ్రి. తక్కువ వోల్టేజీల మిషన్ ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, ఎక్కువ వోల్టేజీల తక్కువ గుంజుతది. అందుకే కొన్నిటికి వెనుక రెండు ఫ్యూజు విలువలు రాసి ఉంటయి. 240కి రాసిందే వెయ్యాలె. సిగరెట్టు డబ్బల వెండి కాయితం చుట్టి ఫ్యూజు చేసే మొనగాళ్లున్నరు చూడు, వాళ్లను మాత్రం వాకిలి దాటనియ్యకుండ్రి!

మీట లేదా? పట్టీ మీద ఉత్త 110 లేకుంటే 120 ఉన్నదా? అప్పుడు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె.

ఈడ నాకొక గోస ఉన్నది, వినుండ్రి. పిన్ను మార్చే బుడ్డ ప్లగ్గును "కన్వర్టర్" అని అమ్ముతరు. అది పిన్ను ఆకారాన్నే మారుస్తది, వోల్టేజీని వీసమెత్తు మార్చదు. అమెరికా మిషన్ చదును పిన్నులకు దాన్ని తొడిగి గోడకు పెట్టిండ్రనుకో, 230 అంతా లోపలికే పోతది. ఎన్ని మంచి మిషన్లు గిట్లనే బుగ్గిపాలైనయో! ఇంకోటి. అరచేతిల పట్టేంత తేలికది, మీద 1,600 వాట్లు అని రాసి ఉంటది. ప్రయాణాలల్ల జుట్టు ఆరబెట్టుకునే మిషన్ల కోసం చేసింది. అది కరెంటు అలను తుంచి తుంచి ఇస్తది. హీటరు దాన్ని ఓర్చుకుంటది, యాంప్లిఫయర్ ఓర్చుకోదు. నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుము ఉంటది, రాగి ఉంటది. చేతిల పట్టుకుంటే బరువు తెలువాలె. తేలికగ ఉన్నదంటే దుకాణపాయనకు దండం పెట్టి తిరిగి రాండ్రి.

ఎంత పెద్దది కొనాలె? పట్టీ మీద 60 వాట్లు ఉంటే 60ది కొనకుండ్రి. 150 వీఏది తీసుకోండ్రి, ట్రాన్స్‌ఫార్మర్ల మీద వాట్ల బదులు వీఏ అని రాస్తరు. స్విచ్చి వేసిన ఆ ఒక్క క్షణం పాత యాంప్లిఫయర్ మామూలు కంటె చాన ఎక్కువ గుంజుతది. మన ఎండల సంగతి మీకు నేను చెప్పాల్నా? మే నెలల రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు 45 డిగ్రీలు దాటుతది. ఇల్లే అంత కాగుతుంటే, ఇరుకు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకెంత కాగుతదో లెక్క కట్టుండ్రి. ఇంకో ముచ్చట. టేపు మీద, రేడియో మీద పూలు కుట్టిన గుడ్డ కప్పుతరు. అత్తమ్మ కుట్టింది, మస్తు అందంగ ఉంటది, నేను కాదంటలేను. కానీ పాడేటప్పుడు గుడ్డ తీసి పక్కకు పెట్టుండ్రి. ట్రాన్స్‌ఫార్మర్‌ను బండల మీద పెట్టుండ్రి, పరుపు మీద కాదు.

ట్రాన్స్‌ఫార్మర్లల్ల రెండు జాతులున్నయి. ఒకటి ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఒకే చుట్ట ఉంటది, నడుమల నుంచి వైరు తీసి 110 ఇస్తరు. సౌక, తేలిక. కానీ గోడ కరెంటుకు, మిషన్‌కు సంబంధం తెగదు. ఆ చుట్ట కింది భాగం ఎప్పుడన్న తెగిందనుకో, 230 మొత్తం మిషన్ మీద పడుతది. రెండోది రెండు వేరు వేరు చుట్టలది. గోడ దిక్కు ఒకటి, మిషన్ దిక్కు ఒకటి. నడుమల రాగి కలువదు, ఇనుములకెళ్లి అయస్కాంతమే దాటుతది. సంగీతానికి, మనిషికి రెండిటికీ ఇదే మేలు. ఇది మన తాన దొరుకుతదా అని అడుగుతరా? మండలానికి ఎన్ని మోటారు వైండింగ్ దుకాణాలున్నయి మన దిక్కు! బోరు మోటార్లు కాలి కాలి మనోళ్లకు రాగి తీగ చుట్టుడు వెన్నతోటి పెట్టిన విద్య అయింది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు గూడ చుట్టేటాయన ఎవరో కనుక్కొని పోండ్రి. "అన్నా, లోపలికి 230, బయటికి 110, 150 వీఏ, రెండు వైండింగులు వేరు వేరు" అని చెప్పుండ్రి. మీ దిక్కు ఒక చూపు చూసి, కుర్చీ వేస్తడు.

జపాన్ సొంత సరుకైతే బయటికి 110 కాదు, 100 చెప్పుండ్రి. పది వోల్టులే గదా అంటరా? గీ లెక్క చూడుండ్రి. 230కి 110 ఇచ్చే డబ్బ, గోడల 250 వచ్చిన రాత్రి 120 దాక ఇస్తది. 100కి చేసిన కీబోర్డుకు అది నూటికి ఇరవై వంతులు ఎక్కువ. అదే డబ్బ, పొద్దుగూకినంక మోటార్లు నడిచి గోడల 180కి పడితే 86 ఇస్తది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంత బుద్ధి ఉండదు, పైన ఎట్ల వస్తే కింద అట్ల ఇస్తది. ఊర్లల్ల ఉండేటోళ్లు దానికి ముందు ఒక స్టెబిలైజర్ పెట్టుకోండ్రి. కొత్త డబ్బ తెచ్చినంక ముందుగాల మల్టీమీటర్ తోటి చూడుండ్రి. అంకె సరిగ్గ ఉన్నదంటేనే మిషన్‌ను గుచ్చుండ్రి. ఇన్వర్టర్ ఉన్నదా ఇంట్ల? సైన్ వేవ్‌ది అయితే సరే. స్క్వేర్ వేవ్‌ది అయితే ట్రాన్స్‌ఫార్మర్ జుయ్‌మని మొత్తుకుంటది. కరెంటు పోయినప్పుడు పాట బంద్ చేసి, నాతోటి మాట్లాడుండ్రి.

మరొక పైలం. 110 మిషన్ వైరుకు మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు బిగియ్యకుండ్రి. వద్దే వద్దు! దసరాకు ఇల్లు దులుపుతరు, సామాన్లు జరుపుతరు. బతుకమ్మ పాటలు పెడుదామని పిల్లలు ఉరికొచ్చి గోడకు గుచ్చుతరు. పిల్లల తప్పేమున్నది? పిన్ను పట్టింది, పెట్టిండ్రు. చదును పిన్నులు చదునుగనే ఉండనియ్యుండ్రి, మన గుండ్రటి గుంతలల్ల దూరవు. వైరుకు ఎర్ర టేపు చుట్టి 110 అని రాయుండ్రి. ఆ డబ్బ, ఆ మిషన్ ఎప్పటికీ జోడీ.

వోల్టేజీ ముచ్చట అయిపోయింది. చాయ చల్లారుతున్నది, తాగుండ్రి. అసలు మజా ఇప్పుడున్నది.

వోల్టేజీని దుకాణంల కొనుక్కోవచ్చు. సైకిళ్లను కొనలేరు. అవి రామగుండంల తయారైతయి! ఎన్టీపీసీ పాత ప్లాంటుల 200 మెగావాట్ల మిషన్లు మూడు, 500వి నాలుగు, అన్నీ కలిపి 2,600 మెగావాట్లు. ఆ టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతయి. అంటే సెకనుకు 50. మన కరెంటు 50 సైకిళ్లు అనేది గండ్లకెళ్లే వచ్చింది. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్‌ను రాయచూర్–షోలాపూర్ లైను తోటి దేశంల మిగతా గ్రిడ్‌కు కలిపిండ్రు. అప్పటి సంది కశ్మీర్ కాడికెళ్లి కన్యాకుమారి దాక పెద్ద జనరేటర్లన్నీ ఒకే లయల తిరుగుతున్నయి. మీ ఇంట్ల పాత రికార్డు ప్లేయర్‌ల సింక్రోనస్ మోటారు ఉంటే, అది ఆ రామగుండం టర్బైన్ తోటి ఒకే కాడికి కట్టిన ఎద్దు. అది ఎంత నడిస్తే ఇది అంతే నడువాలె. చెప్పుండ్రి, ఒళ్లు జలదరించలేదా? నాకైతే ఎన్నిసార్లు తలుచుకున్నా సంబురమే!

ఇప్పుడు అమెరికా ప్లేయర్‌ను తెచ్చిండ్రనుకోండ్రి. దానికి 60 సైకిళ్లు అలవాటు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సగం చేస్తది గని, సైకిళ్లను ముట్టదు. 60కి చేసిన మోటారు 50 మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 28 కూడ తిరగదు. మూడు నిమిషాల పాట 3 నిమిషాల 36 సెకండ్లు సాగుతది. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగుతది. సుశీలమ్మ పాట పెట్టి చూడుండ్రి, గొంతు మగ గొంతుకు దగ్గర పడుతది. ఘంటసాల పాట పెడితే పాతాళంకెళ్లి వస్తది. "రికార్డు ఖరాబైంది" అని రికార్డును తిడుతరు. దానిదేం పాపం? రామగుండం నడక అది!

దీనికి మందు ఉన్నది. బెల్టు ప్లేయర్ అయితే మోటారు మీద చిన్న ఇత్తడి పుల్లీ ఉంటది. దాని బదులు 1.2 ఇంతల లావు పుల్లీ వేస్తే వేగం సరిపోతది. కొన్ని కంపెనీలు 50కి ఒకటి, 60కి ఒకటి వేరే వేరే పుల్లీలు చేసినయి. దొరకకుంటే లేతు మిషన్ మేస్త్రీ తాన చేయించుకోవచ్చు. కానీ వెంట్రుకవాసి తేడా వచ్చినా పాట ఊగుతది, ఓపికున్న మేస్త్రీని చూసుకోండ్రి. క్వార్ట్జ్ గుండెకాయ ఉన్న టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్క్ 2 అసొంటిదైతే సైకిళ్లను లెక్కనే చెయ్యదు. దాని లయ దాని లోపలనే ఉంటది. వోల్టేజీ సరిగ్గ ఇచ్చిండ్రా, అయిపాయె.

జపాన్ వాళ్లు చాన మిషన్ల మీద 50/60 అని ఎందుకు కొడుతరో తెలుసా? వాళ్ల దేశం సగం 50, సగం 60! 1890లల్ల టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్ తెచ్చుకున్నరు, అది 50. ఒసాకా వాళ్లు అమెరికాది తెచ్చుకున్నరు, అది 60. ఎవరిది వాళ్లు విడువలే. ఇయ్యాల్టికీ అంతే. రెండు ఊర్ల పంతం మనకు కలిసొచ్చింది. వాళ్ల మిషన్లు చానమట్టుకు రెండు లయలకూ ముందే అలవాటు పడి పుట్టినయి.

లయ తప్పితే అసలే పనికిరాని వాద్యం ఒకటున్నది. హామండ్ ఆర్గన్. 1935ల అమెరికాల అమ్మకానికొచ్చింది. దాన్ని చేసిన లారెన్స్ హామండ్ అంతకుముందు కరెంటు గడియారాలు చేసేటోడు. అదే సింక్రోనస్ మోటారును తెచ్చి ఆర్గన్‌ల పెట్టిండు. పళ్ల చక్రాలు తిరిగితే స్వరాలు పుడుతయి. 60ది తెచ్చి 50 మీద పెడితే మొత్తం వాద్యమే మూడు స్వరస్థానాలు కిందికి. గాయకుడు ఒక శ్రుతి, ఆర్గన్ ఒక శ్రుతి. ఎంత గొప్ప వాద్యమైనా గంతే.

సౌదీకెళ్లి కొందరు గడియారం ఉన్న రేడియో తెచ్చిండ్రు. ఎర్ర అంకెలు, రాత్రి చీకట్ల మెరిసేటివి. ఆ గడియారం సైకిళ్లు లెక్కబెట్టి కాలం చెప్తది. 60 లెక్కబెడితే ఒక సెకను అనుకుంటది. మనం ఇచ్చేది 50 ఆయె. గంటకు పది నిమిషాలు వెనుక పడుతది, దినానికి నాలుగు గంటలు! పాపం దాన్ని ఎన్ని ఇండ్లల్ల "దొంగ సరుకు" అని తిట్టిండ్రో. అడుగున 50/60 మీట ఉంటది కొన్నిటికి. జరిపి చూడుండ్రి, మంచిగైతది.

మరి మన సౌదీ టేపు? దానికి ఈ సైకిళ్ల గోల ఏమైతదని పరేశాన్ అవుతున్నరా? ఏం కాదు! అగో, నవ్వు వచ్చింది చూడు మొకంల. క్యాసెట్ టేపు లోపల కరెంటు మొదలు డీసీ అయితది, ఆ తర్వాతనే మోటారుకు చేరుతది. సెల్లుల మీద పాడే మోటారు గదా అది! దానికి సౌదీ 60 అయినా ఒకటే, రామగుండం 50 అయినా ఒకటే. అందుకే మన దిక్కు సౌదీ టేపులు ఇన్నేండ్లు పాడినయి. మీట పాడైపోయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా సరే, పెద్ద సెల్లులు ఆరు వేస్తే 9 వోల్టులు. ఎనిమిది పట్టేదైతే 12. అదే వోల్టేజీ ఇచ్చే అడాప్టర్‌ను డీసీ గుంతల గుచ్చినా పాడుతది. కాకపోతే గుంత పక్కన చిన్న బొమ్మ ఉంటది, నడుమ పిన్ను ప్లస్సా మైనస్సా అని. పాత జపాన్ మిషన్లల్ల చానటికి నడుమల మైనస్. తిరగేసి ఇస్తే లోపల బోర్డు మీద పడుతది దెబ్బ.

ఇన్నేండ్లు పండుకున్నదాన్ని ఒక్కసారి లేపకుండ్రి. లోపల కెపాసిటర్లు ఎండి ఉంటయి. మన పాత రేడియో మేస్త్రీల తాన సీరీస్ బోర్డు అని ఒకటి ఉంటది. చెక్క పలక, హోల్డర్ల 60 వాట్ల పాత గుడ్డు బల్బు, పక్కన ఒక సాకెట్. మిషన్‌కు పోయే కరెంటు ఆ బల్బులకెళ్లే పోవాలె. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, తీగ వెలిగేదే కావాలె. స్విచ్చి వేస్తరు. బల్బు భగ్గున వెలిగి, మెల్లగ తగ్గి, సన్నగ ఎర్రగ నిలబడ్డదా? మిషన్ లోపల మంచిగనే ఉన్నది. భగ్గున వెలిగి అట్లనే ఉన్నదా? లోపల షార్టు, వెంటనే తియ్యుండ్రి. బల్బు తాను వెలిగి మిషన్‌ను కాపాడుతది. గింత సౌక డాక్టరు ఏడ దొరుకుతడు చెప్పుండ్రి?

క్యాసెట్ తిరగకుంటే మోటారును అనకుండ్రి. బెల్టు అయి ఉంటది. రబ్బరు ఇన్నేండ్లకు కరిగి నల్లటి తారు అయితది, వేళ్లకు అంటితే సబ్బుకు పోదు. దూది, స్పిరిట్ పెట్టి పుల్లీలు తుడిచి కొత్త బెల్టు వెయ్యాలె. మూత తీసినప్పుడు మాత్రం ప్లగ్గు గుంజి, కొంచెంసేపు ఆగుండ్రి. పెద్ద కెపాసిటర్ల కరెంటు ప్లగ్గు తీసినంక గూడ నిలువ ఉంటది. వాల్వు రేడియో అయితే ఇంకింత పైలం, అండ్ల వందల వోల్టులుంటయి. చేతగానప్పుడు మేస్త్రీకి ఇయ్యుండ్రి, సిగ్గేమున్నది?

అమెరికాల పాత టేబుల్ రేడియోలు కొన్ని అయిదు వాల్వులతోటి, ట్రాన్స్‌ఫార్మర్ లేకుంట చేసిండ్రు. వాల్వుల హీటర్లు వరుసగ కట్టి ఉంటయి: 12, 12, 12, 35, 50 వోల్టులవి. కూడుండ్రి, 121 అయితది. అందుకే నేరుగ 120 లైనుకు గుచ్చిండ్రు! తెలివి ఉన్నది గని, లోపలి రేకు గోడ కరెంటుకే కలిసి ఉంటది. నాబ్ ఊడిపోయి కడ్డీ బయటికి వస్తే దాన్ని ముట్టినోళ్లకు షాకే. దానికి రెండు చుట్టల ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఇంకోటి పెట్టకుండ్రి. ఆనకాలం ఉరుములు షురూ అయితే అన్నిటి ప్లగ్గులూ గుంజుండ్రి.

ఇంత కిరికిరి ఎందుకు, ఫోన్ల పాట రాదా అంటరేమో. వస్తది, ఎవరు కాదన్నరు? కానీ డయల్ వెలుతురు మెల్లగ పసుపెక్కుతుంటే చూసిండ్రా? వాల్వు రేడియోల పచ్చటి కన్ను స్టేషన్ దొరికినప్పుడు ముడుచుకునుడు చూసిండ్రా? రేడియో సిలోన్‌ల మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ముల్లును వెంట్రుకవాసి జరిపిన చేతులకు ఆ సుఖం తెలుసు. దానికి కారణం అడుగొద్దు. మామిడిపండు ఎందుకు తింటున్నవని ఎవరినన్న అడుగుతమా?

ఇంకొకటి గూడ ఉన్నది. గల్ఫ్ పోయినోళ్లు అప్పట్ల ఉత్తరం బదులు క్యాసెట్ నింపి, ఊరికి వచ్చేటోళ్ల చేతికిచ్చి పంపేటోళ్లు. చదువురాని తల్లికి గూడ కొడుకు మాట కొడుకు గొంతులనే చేరేది. తిరిగి ఇంటిల్లిపాది ఆ క్యాసెట్ మీదనే మాట్లాడి పంపేటోళ్లు. పిల్లల ఏడుపు, బర్రె అరుపు, నడుమల అవ్వ దగ్గు, అన్నీ. అసొంటి క్యాసెట్లు ఎన్ని ఇండ్లల్ల ట్రంకు పెట్టెల అడుగున ఉన్నయో! వాటిని వినాలంటే టేపు ఉండాలె. టేపు సరైన వేగంల నడువాలె, గొంతు ఎవరిదో గుర్తువట్టేటట్టు. అందుకే ఇంత చెప్తున్న. ముందు ఒక పనికిరాని క్యాసెట్ పెట్టి చూడుండ్రి, నమిలిపారేస్తదో ఏమో. నాలుగుసార్లు మంచిగ తిరిగినంకనే ఇంటి గొంతుల క్యాసెట్ పెట్టుండ్రి. పెట్టిన పూటనే ఫోన్‌లకు ఎక్కించి, మళ్లొకసారి ఇంకో తాన దాచుండ్రి.

అన్నీ అయినంక నా ఫర్మాయిష్ ఒకటి. ఈ ముచ్చట ఫుకట్‌కు చెప్పిన అనుకుంటున్నరా ఏంది? మల్లన్న ఒగ్గు కథ క్యాసెట్లు మీ తాన ఉన్నయని నాకు తెలుసు. రేపు మాపటికి అవి వెయ్యాలె. మొదటికెళ్లి కొస దాక, నడుమల ఆపొద్దు, పాటలకు మార్చొద్దు. డోలు సప్పుడు మోతగ రావాలె, బాస్ జర పెంచుండ్రి. పిల్లల పరీక్షలని సాకు చెప్తే ఒప్పుకోను. పరీక్షలు మార్చిల గదా!